కుందేలుకు కాళ్ళెన్ని? – ఆధారాలతో వాదించడం గురించి కొంత

ఆ మధ్య ఒక శనివారం సాయంత్రం మిత్రుల ఇంట్లో పాట్‌లక్ భోజనాలు. పులిహోర, గుత్తివంకాయ అయ్యాక ఎప్పటిలాగే చర్చ మొదలైంది. పిల్లల్ని ఇక్కడి పబ్లిక్ స్కూల్లో వెయ్యాలా, ప్రైవేటుకి పంపాలా అన్నది విషయం. గంటన్నర సాగింది. ఒకాయన తన మేనల్లుడి కథ చెప్పారు. ఇంకొకాయన తన పక్కింటి చైనా వాళ్ళ కథ చెప్పారు. చివరికి ఎవరి అభిప్రాయంతో వచ్చినవాళ్ళు ఆ అభిప్రాయంతోనే కార్లెక్కారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఆ రాత్రి ఇంటికొస్తూ నాకొక ఆలోచన వచ్చింది. మనలో చాలామందిమి ఇంజనీర్లం, డాక్టర్లం, అకౌంటెంట్లం. ఆఫీసులో అంకెలు లేకుండా నోరు విప్పం. అదే మనం ఇంట్లో, స్నేహితుల మధ్య, ఒక్కోసారి ఆఫీసు మీటింగుల్లో కూడా, ఒక్క ఉదాహరణ పట్టుకుని ఊరేగుతాం. ఆధారాలతో వాదన కట్టడం అనేది నేర్చుకోవలసిన విద్య. నేను దాన్ని ఆలస్యంగా, కొంత నష్టపోయి నేర్చుకున్నాను. ఆ నేర్చుకున్నదేదో నలుగురికీ పనికొస్తుందని ఈ వ్యాసం.

మూడు రకాల చర్చలు

మన వాళ్ళు ఈ విషయం మీద చాలా కాలం క్రితమే లోతుగా ఆలోచించారు. గౌతముడి పేరు మీద ఉన్న న్యాయ సూత్రాలు చర్చల్ని మూడు రకాలుగా విడదీశాయి. నిజం తెలుసుకోవడానికి ఇద్దరూ కలిసి చేసేది వాదం. ఎలాగైనా గెలవాలని చేసేది జల్పం. తనకంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటివాడు చెప్పినదాన్నల్లా కొట్టిపారెయ్యడం వితండం. ఈ చివరిదాన్ని మనం ఇప్పటికీ రోజూ వాడుతున్నాం. "వితండవాదం చెయ్యకు" అని అమ్మ చేత తిట్లు తినని తెలుగు పిల్లవాడు ఉండడనుకుంటాను.

అంచేత చర్చ మొదలుపెట్టేముందు మనల్ని మనం వేసుకోవలసిన మొదటి ప్రశ్న: ఇది ఈ మూడింట్లో ఏది? అవతలివాళ్ళు చెప్పేదాంట్లో నిజముంటే నా మాట మార్చుకోవడానికి నేను సిద్ధమేనా? కాకపోతే అది వాదం కాదు. ఎన్ని అంకెలు చూపించినా కాదు.

అయిదు మెట్లు

న్యాయశాస్త్రంలో ఎదుటివాణ్ణి ఒప్పించడానికి చెప్పే వాదనకు అయిదు అవయవాలు ఉంటాయి. 17వ శతాబ్దానికి చెందిన అన్నంభట్టు అనే ఆంధ్ర పండితుడు రాసిన తర్క సంగ్రహం ఈ శాస్త్రానికి ఇప్పటికీ మొదటి పాఠ్యపుస్తకం. అందులోనూ, అంతకు ముందు చాలా పుస్తకాల్లోనూ కనిపించే ఉదాహరణ ఇదీ. దూరంగా కొండ మీద పొగ కనిపిస్తోంది.

ప్రతిజ్ఞ: ఆ కొండ మీద నిప్పు ఉంది.
హేతువు: ఎందుకంటే పొగ ఉంది.
ఉదాహరణ: ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా.
ఉపనయం: ఈ కొండ మీద ఉన్నది అలాంటి పొగే.
నిగమనం: కాబట్టి అక్కడ నిప్పు ఉంది.

చూడ్డానికి చాదస్తంలా ఉంటుంది. నిజానికి మనం తప్పు చేసేది ఎప్పుడూ మధ్య మెట్టు దగ్గరే. ప్రతిజ్ఞ చెప్తాం, హేతువు చెప్తాం. ఆ రెండింటికీ ఉన్న సంబంధం అందరికీ తెలిసిందే అనుకుని వదిలేస్తాం. పొగకీ నిప్పుకీ అయితే ఫరవాలేదు. "ఆ స్కూల్లో మా మేనల్లుడు చదివాడు, కాబట్టి మంచి స్కూలు" అన్నప్పుడు ఆ సంబంధం ఎక్కడుంది?

నేను మాస్టర్స్ చేస్తున్నప్పుడు మా ప్రొఫెసర్ నా మొదటి రిపోర్టు తిరిగి ఇస్తే ప్రతి పేరా పక్కనా ఎర్ర సిరాతో ఒకే ఒక్క మాట ఉంది: "ఎందుకని?" నేను గ్రాఫులు బాగానే గీశాను. నిర్ణయాలు బాగానే రాశాను. గ్రాఫు నుంచి నిర్ణయానికి ఎలా వచ్చానో ఒక్క చోటా రాయలేదు. ఆయన చదవమన్న పుస్తకం స్టీఫెన్ టూల్మిన్ అనే బ్రిటిష్ తత్త్వవేత్త 1958లో రాసిన ది యూజెస్ ఆఫ్ ఆర్గ్యుమెంట్. ఆయన వాదనని ఆరు భాగాలు చేశాడు: చెప్పదలచిన మాట, దానికి ఆధారం, ఆధారాన్ని మాటతో కలిపే సూత్రం, ఆ సూత్రానికి వెనక బలం, "బహుశా", "చాలావరకు" లాంటి పరిమితి, చివరగా ఏ పరిస్థితిలో ఈ మాట చెల్లదో ఆ మినహాయింపు. మనవాళ్ళ మధ్య మెట్టుకీ ఈయన కలిపే సూత్రానికీ దగ్గరి పోలిక ఉంది. చివరి రెండూ నాకు కొత్త. నా మాట ఎక్కడ చెల్లదో నేనే చెప్పడమేమిటి, బలహీనత కాదూ అనుకున్నాను. అది ఎంత బలమో తర్వాత తెలిసింది.

వంటిల్లు చాలదు, చెరువు కూడా కావాలి

పొగ ఉంటే నిప్పు ఉంటుందని ఎలా తెలుసు? తర్కశాస్త్రం ఇక్కడ రెండు వైపులా చూడమంటుంది. పొగ ఉన్నచోట నిప్పు ఉండడం అన్వయం. దీనికి ఉదాహరణ వంటిల్లు. నిప్పు లేనిచోట పొగ కూడా లేకపోవడం వ్యతిరేకం. దీనికి ఉదాహరణ చెరువు. వంటిళ్ళు వంద చూపించినా, చెరువు వైపు చూడకపోతే వాదన సగమే.

ఇది ఎంత ముఖ్యమో చెప్పడానికి నాకు తెలిసిన అతి విషాదమైన ఉదాహరణ ఛాలెంజర్.

1986 జనవరి 28న ఛాలెంజర్ స్పేస్ షటిల్ ఫ్లోరిడా నుంచి బయలుదేరిన 73 సెకన్లకి ముక్కలైంది. ఏడుగురు చనిపోయారు. కారణం బూస్టర్ రాకెట్టు అతుకు దగ్గర ఉండే ఓ-రింగ్ అనే రబ్బరు సీలు. చలికి అది బిగుసుకుపోయి, వేడి వాయువుల్ని ఆపలేకపోయింది. బయలుదేరిన సమయానికి అక్కడ ఉష్ణోగ్రత సుమారు 36 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 2 డిగ్రీల సెల్సియస్.

ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టినవాళ్ళు లేకపోలేదు. బూస్టర్లు తయారుచేసిన మోర్టన్ థయోకోల్ కంపెనీ ఇంజనీర్లు ముందు రోజు రాత్రి నాసా వాళ్ళతో టెలికాన్ఫరెన్సులో వద్దన్నారు. రోజర్ బోయిస్జోలీ అనే ఇంజనీరు అంతకు కొన్ని నెలల ముందే లిఖితపూర్వకంగా హెచ్చరించాడు కూడా. 53 డిగ్రీల కంటే తక్కువలో ప్రయోగించవద్దని వాళ్ళ సిఫార్సు. ఎందుకంటే 1985 జనవరిలో 53 డిగ్రీల దగ్గర వెళ్ళిన షటిల్‌లో సీళ్ళు బాగా దెబ్బతిన్నాయి. అవతలి నుంచి వెంటనే ప్రశ్న వచ్చింది: 1985 అక్టోబరులో 75 డిగ్రీల దగ్గర వెళ్ళినదాంట్లో కూడా దెబ్బతిన్నాయి కదా, మరి చలికీ దీనికీ సంబంధమేమిటి? అరగంట విరామం తర్వాత కంపెనీ పైవాళ్ళు సిఫార్సు మార్చుకున్నారు.

తర్వాత విచారణ చేసిన రోజర్స్ కమిషన్ ఒక సంగతి బయటపెట్టింది. ఆ చర్చలో పోల్చి చూసినవి సీళ్ళు దెబ్బతిన్న ప్రయాణాలు మాత్రమే. దెబ్బతినని ప్రయాణాల్ని పక్కన పెట్టి చూడలేదు. అవన్నీ కలిపి చూస్తే లెక్క ఇదీ: సీళ్ళ దగ్గర 66 డిగ్రీలు, అంతకు పైన ఉన్నప్పుడు 20 ప్రయాణాల్లో మూడింట్లోనే సమస్య. 63 డిగ్రీలు, అంతకు కింద ఉన్నప్పుడు నాలుగు ప్రయాణాలకి నాలుగింట్లోనూ సమస్య. ఇది చదవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. వంటిళ్ళు మాత్రమే చూశారు, చెరువు వైపు చూడలేదు.

తప్పంతా ఆ ఇంజనీర్లదని నా ఉద్దేశం కాదు. వాళ్ళ దగ్గర ఇంకో ఆధారం కూడా ఉంది. ప్రయోగశాలలో నొక్కి వదిలితే ఆ రబ్బరు 50 డిగ్రీల దగ్గర పది నిమిషాలైనా తిరిగి అంటుకోలేదు. పైగా ఆ రాత్రి నిరూపణ భారం తలకిందులైంది. మామూలుగా ఎగరడం క్షేమమని ఎగురవేసేవాళ్ళు నిరూపించాలి. ఆ రోజు ప్రమాదమని వద్దనేవాళ్ళు నిరూపించవలసి వచ్చింది. చర్చలోకి వెళ్ళేముందు భారం ఎవరిది అన్నది తేల్చుకోకపోతే సరైన వాదన కూడా ఓడిపోతుంది.

ఇంకొక్క మాట. అదే ఏడాది ఫిబ్రవరి 11న, బహిరంగ విచారణలో కమిషన్ సభ్యుడు రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కని చిన్న బిగింపుతో నొక్కి, గ్లాసులోని ఐసు నీళ్ళలో కాసేపు ఉంచి, తీసి చూపించాడు. వదిలినా అది వెంటనే పూర్వపు ఆకారానికి రాలేదు. ఇంజనీర్లు అంకెల్లో చెప్పిందే ఆయన మంచినీళ్ళ గ్లాసులో చూపించాడు. ప్రపంచమంతటికీ అర్థమైంది.

నా వంతు

ఈ కథ నాకు క్లాసులోనే తెలుసు. అయినా ఉద్యోగంలో చేరిన మూడో ఏడు అచ్చం ఆ తప్పే చేశాను. మా కంపెనీలో ఆర్డర్లు తీసుకునే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ థాంక్స్‌గివింగ్ ముందు విడుదల కావాలి. నాకు భయంగా ఉంది. రివ్యూ మీటింగుకి విఫలమైన తొమ్మిది టెస్టుల లాగులు ప్రింటు తీసి పట్టుకెళ్ళాను. మా మేనేజరు నెమ్మదిగా అడిగారు, "మొత్తం ఎన్ని టెస్టులు? మిగతావి ఎందుకు పాసయ్యాయి?" నా దగ్గర జవాబు లేదు. "నాకెందుకో ఇది రిస్కు అనిపిస్తోంది" అన్నాను. ఆ మాట నా చెవులకే ఎంత పేలవంగా వినిపించిందో చెప్పలేను.

విడుదలైంది. శుక్రవారం అమ్మకాల రద్దీలో ఒక్కో ఆర్డరు రెండేసి సార్లు నమోదు కావడం మొదలైంది. నలుగురం ఆ వారాంతమంతా ఆఫీసులోనే ఉన్నాం. సోమవారం కూర్చుని మొత్తం 41 టెస్టుల్నీ ఒక కాగితం మీద పట్టిక వేశాను. ఒకేసారి 200 కనెక్షన్లలోపు ఉన్నవి 30, ఒక్కటీ విఫలం కాలేదు. 200 దాటినవి 11, అందులో తొమ్మిది విఫలం. పట్టిక వెయ్యడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ సమాచారమంతా మీటింగు రోజు నా కంప్యూటర్లోనే ఉంది. నా మాట నిజమే, నా వాదన మాత్రం సగమే. మేనేజర్ని నిందించి లాభం లేదు. ఆయన అడిగిన ప్రశ్న నేను ముందే వేసుకుని ఉండవలసింది.

తడి కట్టెల సంగతి

తర్కశాస్త్రంలో నాకు నచ్చిన ఇంకో మాట ఉపాధి. మనం ఇప్పుడు ఉద్యోగానికి వాడే మాటే, అక్కడ అర్థం వేరు. పొగ ఉంటే నిప్పు ఉంటుంది, సరే. నిప్పు ఉంటే పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. కట్టెలు తడిగా ఉంటేనే పొగ. ఆ తడి ఉపాధి. అంటే, మనం కారణమనుకుంటున్నదాని పక్కన దాక్కున్న అసలు షరతు. నేటి గణాంకశాస్త్రం దాదాపు ఇలాంటిదాన్నే వేరే పేరుతో పిలుస్తుంది.

దీని విలువ నాకు మా నాన్న దగ్గర తెలిసింది. నాన్న బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. పదేళ్ళుగా షుగరు. ఒక ఏప్రిల్లో అమ్మ ఫోన్లో గొంతు తగ్గించి చెప్పింది, సంక్రాంతి నుంచి ఆయన మాత్రలు మానేసి పక్కింటి మాస్టారు చెప్పిన కషాయం తాగుతున్నారని. నేను ఎగిరిపడ్డాను. ఆ రాత్రే మూడు పరిశోధన పత్రాలు ఈమెయిల్లో పంపించాను. మర్నాడు ఫోన్ చేసి ముప్పావు గంట అరిచాను. "అమెరికా వెళ్ళి నాలుగు ముక్కలు నేర్చుకున్నావని నాకు చెప్తున్నావా?" అని పెట్టేశారు. తర్వాత రెండు వారాలు ఫోన్ అమ్మే తీసింది.

ఎనిమిది వేల మైళ్ళ అవతల ఉన్నవాళ్ళకి ఇలాంటి రెండు వారాలు ఎలా గడుస్తాయో ఇది చదివేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అప్పుడు తీరిగ్గా ఆలోచిస్తే అర్థమైంది. నేను చేసింది జల్పం. ఆయన మాత్రలు ఎందుకు మానేశారో ఒక్కసారి కూడా అడగలేదు.

ఈసారి అడిగాను. తెల్లవారుజామున కళ్ళు తిరిగి, చెమటలు పట్టి, ఒకసారి బాత్‌రూమ్‌లో పడబోయారట. మాకు చెప్తే కంగారు పడతామని చెప్పలేదు. మాత్రలు మానేశాక అది పోయింది. ఆయన దగ్గర కూడా హేతువు ఉంది, అది నిజమైన హేతువు. "ఆ మాట మాత్రం నిజం నాన్నా, మందు ఎక్కువైతే షుగరు బాగా పడిపోయి అలా అవుతుంది" అన్నాను. నేను ఒక మాట ఒప్పుకున్నాక ఆయన గొంతు మెత్తబడింది.

తర్వాత కషాయం గురించి అడిగాను. మాస్టారికి తగ్గింది నిజమే. ఆయన ఇంకేమైనా మార్చారా? నాన్న ఆలోచించి, రాత్రి అన్నం మానేశాడు, పొద్దున్న కాలవ గట్టు మీద నడుస్తాడు అన్నారు. తడి కట్టెలు దొరికాయి. మరి అదే కషాయం తాగి తగ్గనివాళ్ళు ఎంతమంది? కాసేపు నిశ్శబ్దం. "క్యాష్ బుక్కులో జమలే రాసి, ఖర్చులు రాయలేదంటావు" అన్నారు. వ్యతిరేకం గురించి అంత బాగా నేను చెప్పలేను.

అప్పుడొక ఒప్పందానికి వచ్చాం. గడిచిన రెండు, మూడు నెలల సగటు చక్కెరని హెచ్‌బి ఏ వన్ సి పరీక్ష చూపిస్తుంది. మానేసి ఎలాగూ మూడు నెలలు దాటింది. వెంటనే ఆ పరీక్ష చేయించాలి. ఏడున్నర లోపు వస్తే నేను ఇంక కషాయం ఊసెత్తను, డాక్టరుతో మాట్లాడి ఆయన చెప్పినట్టు చేద్దాం. దాటితే నాన్న ఆ వారమే డాక్టరు దగ్గరకి వెళ్ళి కళ్ళు తిరిగిన సంగతితో సహా అంతా చెప్పాలి. ఫలితం రాకముందే ఇద్దరం ఒప్పుకున్నాం. అదే కీలకం. వచ్చాక అయితే ఎవరి కుందేలు వాళ్ళదే.

9.4 వచ్చింది. నాన్న మారుమాట్లాడకుండా వెళ్ళారు. డాక్టరు గారు రెండు మాత్రల్లో ఒకటి మార్చి, ఇంకోటి మోతాదు తగ్గించారు. నడక తప్పనిసరి అన్నారు. పాత మందు ఆయనకి ఎక్కువైందన్న నాన్న అనుమానం సరైనదే. నేను పంపిన మూడు పత్రాల్లో ఆయన బాత్‌రూమ్ సంగతి లేదు. మందులు ఎవరూ సొంతంగా మానడం, మార్చడం చెయ్యకూడదని విడిగా చెప్పక్కర్లేదనుకుంటాను.

ఒప్పించడం అంటే

అరిస్టాటిల్ తన రెటరిక్‌లో ఒప్పించడానికి మూడు దారులు చెప్పాడు: చెప్పేవాడి మీద నమ్మకం, వినేవాడి మనఃస్థితి, మాటలోని తర్కం. మనం చదువుకున్నవాళ్ళం మూడోది ఒక్కటే చాలనుకుంటాం. నాన్నతో నా మొదటి ఫోన్లో తర్కం ఉంది, మిగతా రెండూ లేవు. అలాగని మొదటి రెండూ ఉండి మూడోది లేకపోతే అది ప్రచారమవుతుంది. మాస్టారి కషాయం నాన్న దాకా వచ్చింది ఆ దారిలోనే.

ఇప్పుడు నేను ఏ ముఖ్యమైన చర్చకి వెళ్ళేముందయినా కాగితం మీద ఈ ప్రశ్నలు రాసుకుంటాను. మీకూ పనికొస్తాయేమో చూడండి.

1. నేను చెప్పదలచింది ఒక్క వాక్యంలో ఏమిటి? అది ఎంతవరకు, ఏ పరిస్థితుల్లో?
2. నిరూపణ భారం ఎవరిది? నాదా, అవతలివాళ్ళదా?
3. నా ఆధారం ఏమిటి? అది నేరుగా చూసిందా, విన్నదా, ఒక్కరి అనుభవమా, లెక్కా?
4. ఆధారం నుంచి నా మాటకి వంతెన ఏమిటి? దాన్ని పైకి చెప్పానా?
5. చెరువు వైపు చూశానా? నా మాటకి సరిపడని సందర్భాలన్నీ లెక్కలోకి వచ్చాయా?
6. తడి కట్టెలు ఏవైనా ఉన్నాయా? అదే ఫలితాన్ని ఇవ్వగల ఇంకో కారణం ఏది?
7. అవతలివాళ్ళ వాదనని వాళ్ళు తలూపేలా నేను చెప్పగలనా?
8. ఏది కనిపిస్తే నేను నా మాట మార్చుకుంటాను?

చివరి ప్రశ్నకి జవాబు రాయలేకపోతే ఆ రోజుకి నేను చర్చ వాయిదా వేస్తాను. అలాంటివి ఇంట్లో తరచుగానే ఉంటాయి, మా ఆవిడ సాక్షి.

ఇక పబ్లిక్ స్కూలా, ప్రైవేటా అన్న సంగతి. వచ్చే నెల పాట్‌లక్ మా ఇంట్లోనే. వచ్చేవాళ్ళందరినీ ఒక్క విషయం రాసి తెమ్మన్నాను: ఏం తెలిస్తే మీ అభిప్రాయం మార్చుకుంటారు? ఇప్పటికి ఇద్దరు సరేనన్నారు. మిగతావాళ్ళు గుత్తివంకాయ తెస్తామన్నారు.